పాత కారుతో అరకు ఘాట్ ఎక్కే ముందు
విజయనగరం నుంచి వెళ్తుంటే శృంగవరపుకోట దాటాక ఎత్తు మొదలవుతుంది. పాత బండి లోపాలు బయటపడేది అక్కడే. అందుకే ఇవన్నీ ముందురోజే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి.

రేడియేటర్ మూత తీయండి. కూలెంట్ అంచుదాకా ఉండాలి, తుప్పురంగులో ఉంటే మార్చించాలి. బోరునీళ్లు పొయ్యొద్దు, లోపల గారకడుతుంది. హోస్ పైపులు నొక్కి పగుళ్లు చూడండి. తర్వాత మూత బిగించి, ఇంజన్ వేడెక్కేదాకా నడిపి ఫ్యాన్ తిరుగుతోందో లేదో గమనించండి.

డబ్బుకు వెనకాడకూడనిది బ్రేకుల దగ్గరే. ప్యాడ్ మందం 3 మి.మీ.కి వస్తే మార్చేయండి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. పాతబడితే తక్కువ వేడికే మరుగుతుంది. దిగేటప్పుడు పైపుల్లో ఆవిరి బుడగలు చేరి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్లు దాటితే మార్పించండి; ఏ రకం ఆయిల్ పొయ్యాలో, అంటే డాట్ 3నా, 4నా అన్నది, బానెట్ కింద ఉండే బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీదే ఉంటుంది.

టైరు పక్కన నాలుగంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. స్టెప్నీలో గాలి, జాకీ, వీల్ స్పానర్ సరేసరి.

దిగేటప్పుడు రెండో గేరే, న్యూట్రల్ వద్దేవద్దు. టెంపరేచర్ ముల్లు పైకెక్కితే ఏసీ ఆపి, బండి పక్కకు పెట్టండి. ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. వేడినీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.