గ్రీకు విషాద నాటకాన్ని చదివి, ఆధునిక నాటకంలో దాని జాడను గుర్తించడం ఎలా?

ప్రపంచ నాటకరంగం మీద గ్రీకు నాటకం వేసిన ముద్ర ఏమిటని అడిగితే చాలామంది విషాదాంతం దగ్గరే ఆగిపోతారు. నిజానికి ఆ ముద్ర ముగింపులో కన్నా, దేన్ని ప్రేక్షకుల కళ్లెదుట జరిపించాలి, దేన్ని మాటల్లో చెప్పించాలి అన్న నిర్ణయంలో ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవడానికి ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ రాసిన ‘ఈడిపస్ రాజు’ అనువాదం, ఒక తెల్ల కాగితం, పెన్సిలు, కొన్ని గంటల తీరిక ఉంటే చాలు.

ముందుగా కథ తెలుసుకోండి. తోలుబొమ్మలాటకు వెళ్లేవారికి రామాయణం తెలిసినట్లే, ఏథెన్స్ ప్రేక్షకులకు ఈడిపస్ తన తండ్రిని చంపి తల్లిని పెళ్లాడాడని తెలుసు. కాబట్టి ఏం జరుగుతుందన్నది కాదు, అతనికి ఎప్పుడు తెలుస్తుందన్నదే అక్కడి ఉత్కంఠ. పాత రాజు లేయస్‌ను (ఈడిపస్ చంపిన తండ్రి ఇతనే) చంపినవాడిని ఈడిపస్ శపించే మాటల కింద గీత గీయండి. ఆ శాపం తనకే తగులుతుందని అతనికి తప్ప చూసేవారందరికీ తెలుసు.

తర్వాత కాగితం మీద రంగస్థలాన్ని గీయండి. ఏథెన్స్‌లోని ఆక్రోపొలిస్ కొండ దక్షిణపు వాలు మీద ప్రేక్షకులు, వారి ముందు కోరస్ అనే బృందం ఆడిపాడే ఆర్కెస్ట్రా, దాని వెనుక స్కీనే అనే కట్టడం, దానికొక తలుపు. మనం వాడే ‘సీను’ అనే మాటకు మూలం ఈ స్కీనేయే. ఈ నాటకంలో ఆ తలుపు థీబ్స్ నగరపు రాజభవనానిది. ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్లారో బాణం గుర్తులతో నమోదు చేయండి.

ఇప్పుడు నటులను లెక్కపెట్టండి. నా దృష్టిలో అన్నిటికన్నా ఫలితమిచ్చే పని ఇదే. మాట్లాడే పాత్రలు ఎనిమిది, నటులు మాత్రం ముగ్గురే. మాస్కులు మార్చుకుంటూ వారే అన్నీ పోషించేవారు. కోరింథు నగరం నుంచి వచ్చిన దూత, పసిబిడ్డగా ఈడిపస్‌ను తనకు ఒక కాపరి అప్పగించాడని చెబుతున్నంతసేపూ అతని తల్లీ భార్యా అయిన జొకాస్టా పక్కనే మౌనంగా నిలబడి ఉంటుంది. మాస్కు వెనుక ముఖం కనిపించదు. ఆమెకు నిజం అర్థమైన క్షణాన్ని ప్రేక్షకుడే ఊహించుకోవాలి. ఇక విచారించవద్దని ఈడిపస్‌ను బతిమాలి, ఆమె లోపలికి వెళ్లిపోతుంది. ఆ వెంటనే కాపరి రావాలి, ఈడిపస్, దూత అప్పటికే రంగం మీద ఉన్నారు, నాలుగో నటుడు లేడు. నటుల కొరత వల్ల తప్పనిసరైన నిష్క్రమణనే నాటకంలోని అత్యంత భయంకరమైన నిష్క్రమణగా మలచడం సోఫోక్లిస్ నేర్పు.

కోరస్ పాటలను దాటవేయకుండా పైకి చదవండి. పదిహేనుమంది థీబ్స్ వృద్ధుల భయం అనువాదంలో సైతం గొంతుకు అందుతుంది. 1935లో కవి టి.ఎస్. ఎలియట్ తన నాటకం ‘మర్డర్ ఇన్ ది కేథడ్రల్’లో కాంటర్‌బరీ స్త్రీల చేత పలికించినది ఇలాంటి సామూహిక స్వరాన్నే.

జొకాస్టా ఉరివేసుకోవడం, ఆమె వస్త్రానికున్న పిన్నులతో ఈడిపస్ కళ్లు పొడుచుకోవడం తలుపు వెనుకే జరుగుతాయి. లోపలి నుంచి వచ్చిన మరో దూత వాటిని వర్ణిస్తాడు. ఆ వర్ణన చదివేటప్పుడు మీ బొమ్మలోని తలుపు మీదే చూపు నిలపండి.

చివరగా నార్వే నాటకకర్త హెన్రిక్ ఇబ్సెన్ 1881లో ప్రచురించిన ‘గోస్ట్స్’ తీసుకుని, అదే పద్ధతిలో మరో కాగితం నింపండి. ఒకే గది, ఐదు పాత్రలు, ఒక రోజుకు మించని కాలం, పొరలు పొరలుగా బయటపడే గతం. స్థలం ఒకటే ఉండాలన్న నియమాన్ని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్‌కు అంటగడుతుంటారు గానీ, దాన్ని బిగించినవారు 16వ శతాబ్దపు ఇటలీ విమర్శకులు. ఇబ్సెన్ నాటకంలో అనాథాశ్రమం తగలబడటం మనకు కనబడదు, కిటికీలోంచి మంటల వెలుగు మాత్రం పడుతుంది. కాని కొడుకు ఓస్వాల్డ్ మతి కోల్పోయే చివరి ఘట్టాన్ని ఇబ్సెన్ ఏ దూతకూ అప్పగించలేదు, తల్లి ఎదుటే, మన ఎదుటే జరిపించాడు. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, ఈ తేడా దగ్గర గుర్తు పెట్టుకోండి.