శ్రావణం ముహూర్తాలకు ముందు ఫోటోగ్రాఫర్లు చూసుకోవాల్సినవి

కర్నూలు, కడప సైడ్ పెళ్లి బుకింగులు ఉన్నోళ్లు ఇవి చూసుకోండన్నా.

– కెమెరాలో రెండు కార్డులుంటే రెండింట్లోనూ ఒకేసారి రికార్డయ్యేలా పెట్టండి, తాళి మళ్లీ కట్టమని అడగలేం కదా, ఫోటోలు రెండు హార్డ్‌డిస్కుల్లో వేసి ఓపెన్ చేసి చూసేదాకా ఫార్మాట్ కొట్టొద్దు, ముఖ్యంగా తెల్లారుజామున నిద్రమత్తులో.

– ఆల్బమ్ ఎన్ని షీట్లు, వీడియో ఎప్పుడిస్తాం, బ్యాలెన్స్ ఎప్పుడిస్తారు, అంతా వాట్సాప్‌లో పెట్టి ఓకే అనిపించుకోండి. నోటిమాటైతే పెళ్లయినాక పెదనాయన ఒకటంటాడు, మేనమామ ఇంకోటంటాడు, నలిగేది మనమే.

– డ్రోన్ ఉంటే, ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే గవర్నమెంటు డిజిటల్ స్కై మ్యాప్ చూడండి. ఓర్వకల్లు, కడప ఎయిర్‌పోర్టుల దగ్గర రెడ్ జోన్‌లో పర్మిషన్ లేకుండా లేపితే చిక్కులే.

– అయ్యవారిని ముందే కలవండి, జీలకర్ర బెల్లం టైములో అడ్డం రాకుండా ఆయనే జనాన్ని జరుపుతాడు.

– ఫ్లాష్ బ్యాటరీలు ఇంకో సెట్టు.