కోచ్‌లూ, స్నాక్స్ బ్రేక్‌లో పిల్లాడికి గొంతులో అడ్డం పడితే
సమ్మర్ క్యాంప్‌లో బాల్ తగలడం కన్నా నాకు స్నాక్స్ బ్రేకే భయం అండి, నోట్లో పల్లీలు పోసుకుని పరిగెత్తుతారు వెధవలు. గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి, నీళ్లు పట్టొద్దు, అడ్డం పడింది కంటికి కనపడకుండా నోట్లో వేలు పెట్టి కెలకొద్దు. దగ్గూ మాటా రాక గొంతు పట్టుకుని చూస్తుంటే మాత్రం ఆగొద్దు, ఒకళ్లని 108కి కొట్టమని, మీరు పిల్లాణ్ణి ముందుకి వంచి ఛాతీకి ఓ చెయ్యి అడ్డం పెట్టి వీపు మీద రెండు రెక్కల ఎముకల మధ్య, అరచేతిలో మణికట్టు దగ్గరుండే గట్టి భాగంతో 5 దెబ్బలు వెయ్యండి, ఒక్కో దెబ్బకీ బయటికొచ్చిందా చూస్కోండి. రాలేదా, వెనక మోకాళ్ల మీద కూర్చుని (నిలబడితే పొట్టి పిల్లలకి మీ చేతులు సరిగ్గా ఆనవు) బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ 5 సార్లు లాగండి. వచ్చేదాకా ఇవే మార్చి మార్చి. ఏడాది లోపు పసివాళ్లకి పొట్ట నొక్కడం అస్సలు వద్దు. వచ్చేసినా పొట్ట నొక్కాం కాబట్టి డాక్టర్‌కి చూపించాల్సిందే.

స్పృహ తప్పితే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ ఊపిరి ఊదడం), అది చదివితే రాదు, రెడ్‌క్రాస్ ట్రైనింగ్‌లో బొమ్మ మీద నొక్కి నేర్చుకోండి.

ముక్కులోంచి రక్తమొస్తే తల వెనక్కి కాదు బాబూ, ముందుకి వంచి ముక్కు మెత్తగా ఉండే చోట 10 నిమిషాలు నొక్కి పట్టుకోవాలి, మధ్యలో వదిలి చూడకుండా.