జాంగో సోర్స్ కోడ్ చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లగొండలో మా దగ్గర పని నేర్చుకునే పిల్లలు జాంగో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్) సోర్స్ కోడ్ చదువుతామని, ఆ కోడ్ ఉండే సైట్ గిట్‌హబ్ తెరుస్తారు. మొదటి ఫోల్డర్ నుంచి వరుసగా చదువుతూ పోయి నాలుగు రోజులకే వదిలేస్తారు. 2005లో బయటికొచ్చినప్పటి నుంచి పెరుగుతూనే ఉన్న కోడ్ అది, అట్లా చదివితే ఎవరి బుర్రకూ ఎక్కదు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు మన మడికి ఎట్లా వస్తున్నాయో తెలియాలంటే డ్యామ్ దగ్గర మొదలుపెట్టం, మన తూము నుంచి ఎగువకు నడుస్తాం. ఇక్కడా మీ సొంత ప్రోగ్రాంలో ఒక లైన్, దాని మీద ఒక ప్రశ్న ఉండాలి. అవి లేకుండా ఫైల్ తెరవొద్దు.

పైథాన్, గిట్, ఎడిటర్, చిన్న జాంగో ప్రాజెక్టు చాలు. 'పిప్ షో జాంగో' కొట్టి వర్షన్ చూసుకోండి. జాంగో రెపో (కోడ్, దాని మార్పుల చరిత్ర ఉండే చోటు) క్లోన్ చేసి, అంటే మీ కంప్యూటర్‌లోకి కాపీ తెచ్చుకుని, అదే వర్షన్ ట్యాగ్‌కు మారండి. ఇంకా మారుతూ ఉండే మెయిన్ బ్రాంచ్ చదివితే నడిచే కోడ్ ఒకటి, చదివేది ఇంకొకటి అవుతుంది. బ్రౌజర్‌లో మాత్రం చదవొద్దు.

అందరూ దెబ్బతినేది దీని తర్వాతే. 'ఫిల్టర్ రాస్తే డేటాబేస్‌కు క్వెరీ (సమాచారం అడిగే ఆదేశం) ఎప్పుడు పోతుంది?' అన్నది మీ ప్రశ్న అనుకుందాం. పైథాన్ డీబగ్గర్ పీడీబీలో (ప్రోగ్రాంను ఆపి ఒక్కో అడుగు నడిపించి చూసే పనిముట్టు) ఆ ఫిల్టర్ లైన్ మీద బ్రేక్‌పాయింట్, అంటే ఆగే చోటు, పెట్టి, ఒక్కో అడుగుకు 'ఎస్' నొక్కుతూ లోపలికి పోతారు. ఎంత తిరిగినా డేటాబేస్ కనిపించదు. ఫిల్టర్ కొత్త క్వెరీసెట్‌ను (ఏ వరుసలు కావాలో గుర్తుపెట్టుకునే ఆబ్జెక్ట్) తయారుచేసి ఇస్తుంది, అంతే. టెన్షన్ పడి మానేసేది ఇక్కడే. క్వెరీ పోయేది మీరు ఆ క్వెరీసెట్ మీద ఫర్ లూప్ తిప్పినప్పుడు. కాబట్టి క్వెరీసెట్ క్లాసులో అండర్‌స్కోర్‌తో మొదలయ్యే 'ఫెచ్ ఆల్' మెథడ్ మీద డీబగ్గర్ నుంచే బ్రేక్ పెట్టి, అక్కడిదాకా నడవడానికి 'సి' నొక్కండి. ఆగగానే 'డబ్ల్యూ' కొడితే మీ లూప్ నుంచి అక్కడిదాకా ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో వరుసగా కనిపిస్తుంది. మీరు చదవాల్సిన ఫైళ్లు అవే. కాగితం మీద రాసుకోండి.

మధ్యలో క్వెరీసెట్‌ను ప్రింట్ చేయొద్దు, ఎంత చెప్పినా చేస్తూనే ఉంటారు. ప్రింట్ చేస్తే 21 వరుసల పరిమితితో ఇంకో క్వెరీ పోతుంది: 20 చూపించడానికి, ఇంకా ఉన్నాయో లేదో తెలియడానికి ఒకటి. ఎడిటర్‌లో వేరియబుల్స్ చూపించే ప్యానెల్ కూడా ఇదే పని చేస్తుంది. అప్పుడు కనిపించే క్వెరీ మీ ప్రోగ్రాం పంపింది కాదు, మీరు తొంగిచూసినందుకు పోయింది. అందుకే టెర్మినల్‌లో పీడీబీనే వాడాలి. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కు క్వెరీ రాసే భాష)లో అది ఎట్లా ఉంటుందో చూడాలంటే క్వెరీసెట్‌లోని 'క్వెరీ'ని ప్రింట్ చేయండి, దానికి డేటాబేస్‌కు ఏమీ పోదు. ఇన్‌స్టాల్ అయిన జాంగో ఫైళ్లలో ప్రింట్లు రాసి పెట్టకండి, తీసేయడం మర్చిపోతారు.

వీడియోలు చూస్తే చాలదా అంటారు. వీడియోలో వేరేవాళ్ల ప్రశ్నకు జవాబు ఉంటుంది, అదీ ఏ వర్షన్‌దో తెలియదు. రెపోలోని టెస్ట్స్ ఫోల్డర్ అంతకంటే నయం, ఏ కోడ్ ఎట్లా పనిచేయాలో అందులో మీ వర్షన్‌దే ఉంటుంది.

ఒక లైన్ ఎందుకు ఉందో అంతుబట్టకపోతే గిట్ బ్లేమ్ కొట్టండి, ఆ లైన్‌ను ఏ కమిట్ (నమోదైన మార్పు) తెచ్చిందో చూపిస్తుంది. ఆ కమిట్ మెసేజ్‌లో చాలాసార్లు టికెట్ (లోపం లేదా మార్పు గురించి పెట్టిన వినతి) నంబర్ ఉంటుంది. జాంగో టికెట్ల సైట్‌లో ఆ నంబర్ వెతికితే, ఏ ఇబ్బంది వచ్చి ఆ మార్పు చేశారో అక్కడ రాసి ఉంటుంది.