స్టాక్ ఫోటో పాఠాలు – 5: పెళ్లి ఫోటో ఎవరి సొత్తు?

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. మీ హార్డ్‌డిస్కులోంచి స్టాక్ ఫోటోలుగా, అంటే ప్రకటనలకో పత్రికలకో వాడుకోవడానికి లైసెన్స్ మీద, అమ్ముడుపోతాయనిపించేవి ఏరి, ఒక్కోదాని కింద ‘దీన్ని ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు’ అని ఒక్క వాక్యం రాసి పంపమన్నాను. వచ్చినవాటిలో చాలావరకు పెళ్లి ఫోటోలే. సూర్యాపేట, జడ్చర్ల, మిర్యాలగూడ, వనపర్తి, ఎక్కడి నుంచి వచ్చినా అవే తలంబ్రాలు, అవే బాసికాలు, అవే అప్పగింతల ఏడుపులు. ఫోటోలకు వంక పెట్టలేం. కొందరు నాకన్నా బాగా తీశారు. కానీ వాటిలో అమ్మకానికి పెట్టగలిగింది ఒక్కటి కూడా లేదు.

ఈ వారం కీవర్డుల (కొనేవాళ్లు ఫోటో కోసం వెతికే మాటల) పాఠం రావాలి. దాన్ని వచ్చే వారానికి జరిపాను. స్టాక్ సైట్లో అకౌంట్ ఎలా తెరవాలి, పన్ను ఫారం ఎలా నింపాలి అని అడిగినవాళ్లకు విడిగా చెప్పేదేమీ లేదు. తెర మీద అడిగింది అడిగినట్టు నింపుకుంటూ పోండి. పాన్ కార్డు మీద ఉన్న పేరే రాయండి.

పెళ్లి ఫోటోలు పంపినవాళ్లలో కొందరు నా జవాబు కోసం ఆగకుండా, ఫోటోలు అమ్మిపెట్టే స్టాక్ ఏజెన్సీకి కూడా ఎక్కించేశారు. ‘మోడల్ రిలీజ్ లేదు’ అని, అంటే ఫోటోలోని మనిషి ఒప్పుకున్నట్టు సంతకం చేసిన కాగితం లేదని తిరిగొచ్చాయి. అప్పుడు ఒకరు అదే ఫోటోకు ఎడిటోరియల్ (వార్తకో చదువుకో వాడేది, ప్రకటనకు కాదు) అని టిక్ పెట్టి మళ్లీ పంపారు. ఇంకొకరు పెళ్లికూతురి సంతకం తనే పెట్టేశారు. దాన్ని ఫోర్జరీ అంటారు తమ్ముడూ. దాని గురించి ఇంతకు మించి రాయను.

ముందు కొనేవాళ్లు ఎలా కొంటారో చూద్దాం. హైదరాబాద్‌లో ఒక యాడ్ ఏజెన్సీ అనుకోండి. నగల దుకాణం వాళ్లు శ్రావణమాసం పెళ్లిళ్లకు ప్రకటన కావాలన్నారు. డిజైనర్ అమ్మాయి జూన్‌లోనే వెతుకుడు మొదలుపెడుతుంది. పండగైనా సీజనైనా రెండు మూడు నెలల ముందే కొంటారు. దసరా నాడు దసరా ఫోటో ఎక్కించి ఎదురుచూడటం దండగ. ఆమె ఇంగ్లీషులో ‘సౌత్ ఇండియన్ బ్రైడ్’ అని కొడుతుంది. తెర నిండా తపాలా బిళ్లలంత బొమ్మలు వస్తాయి. ఆ సైజులో మీ లెన్సు ఎంత ఖరీదైనదో ఎవరికీ కనబడదు. ఆమె చూసేది అక్షరాలు రాసుకోవడానికి ఖాళీ ఉందా, పెళ్లికూతురు ఒక పక్కగా ఉందా, వెనక గందరగోళం లేదా, ఇంతే. ఈ ఖాళీకి కాపీ స్పేస్ అని పేరు. మన పెళ్లి ఫోటోల్లో అది వెతికినా దొరకదు. ఫ్రేము నిండా చుట్టాలే.

నాలుగైదు ఏరుకుని, వాటర్‌మార్క్ ఉన్న నమూనా కాపీలు దించుకుని, లేఅవుట్‌లో పెట్టి దుకాణం యజమానికి చూపిస్తుంది. ఆయన ‘ఈ అమ్మాయి మన దిక్కు అమ్మాయిలాగా లేదు’ అంటాడు. మళ్లీ వెతుకుతుంది. ఆయన సరే అన్నాకే లైసెన్స్ కొంటుంది. అందుకే మీ ఫోటోను ఇవాళ జనం చూసినా, అమ్మకం ఎప్పుడో తర్వాత పడొచ్చు, అసలు పడకపోవచ్చు కూడా. ఇంకో సంగతి. ఒక ఫోటో నచ్చిందంటే అదే అమ్మాయివి ఇంకొన్ని ఉన్నాయా అని చూస్తుంది. హోర్డింగ్‌కు అడ్డంగా కావాలి, వాట్సాప్ కార్డుకు నిలువుగా కావాలి, వెబ్‌సైట్‌కు పొడుగ్గా కావాలి. అద్భుతమైన ఒక్క ఫోటో కంటే, ఒకే మనిషితో ఒకే వెలుగులో తీసిన మామూలు ఫోటోల వరస ఎక్కువ అమ్ముడవుతుంది.

లైసెన్సుల సంగతి మూడో పాఠంలో చెప్పాను కాబట్టి ఇక్కడ ముక్తసరిగా. రాయల్టీ ఫ్రీ లైసెన్స్ కొన్నవాళ్లు ఒకసారి డబ్బు కట్టి ఎన్ని పనులకైనా వాడుకుంటారు. స్టాక్ కంపెనీలైన షట్టర్‌స్టాక్‌లో గానీ అడోబ్ స్టాక్‌లో గానీ మామూలు లైసెన్స్ మీద అచ్చు కాపీలు 5 లక్షల దాకా వేసుకోవచ్చు. అంతకు మించినా, టీషర్టు మీదనో కప్పు మీదనో వేసి అమ్మాలన్నా పెద్ద లైసెన్స్ కొనాలి. రైట్స్ మేనేజ్డ్ అయితే ఎక్కడ, ఎంతకాలం, ఎంత సైజు అన్నదాన్ని బట్టి రేటు. పెద్ద కంపెనీలు నెలవారీ చందా మీద తీసుకుంటాయి కాబట్టి మన చేతికి వచ్చేది చిల్లరే. 2020 నుంచి షట్టర్‌స్టాక్ మనకిచ్చే వాటా 15 నుంచి 40 శాతం మధ్య మెట్ల లెక్క, ప్రతి జనవరి 1న మళ్లీ కింది మెట్టు నుంచి మొదలు. అడోబ్‌లో ఫోటోలకు 33 శాతం. జనవరిలో ‘అన్నా, నాకు తగ్గింది’ అని మెసేజ్ పెట్టొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. యజమాని సరే అన్నాక కూడా డిజైనర్ ఒకటి చూసుకుంటుంది: ఈ ఫోటోకు కాగితం ఉందా? నగల దుకాణానికి లీగల్ నోటీసు వస్తే యాడ్ ఏజెన్సీ పోతుంది, ఆమె ఉద్యోగం పోతుంది. ఫోటోలోని మనిషి ఒప్పుకున్నట్టు రిలీజ్ ఉందని, తీసినవాడికి హక్కు ఉందని స్టాక్ కంపెనీ మాట ఇస్తేనే కొంటుంది. ఆ కంపెనీ మాట ఇచ్చేది మీరు టిక్ పెట్టిన మాట మీద. తీగ లాగితే వచ్చేది మీ స్టూడియో గుమ్మానికే.

పెళ్లి ఫోటోకు రెండు తాళాలు ఉంటాయి. మీ అందరికీ రెండోది మాత్రమే కనబడింది.

మొదటిది కాపీరైట్. ‘కెమెరా నాది, రాత్రంతా నిద్ర లేకుండా నిలబడ్డది నేను, ఫోటో నాది కాకపోతే ఎవరిది?’ అని జడ్చర్ల నుంచి ఒకరు కోపంగా రాశారు. భారత కాపీరైట్ చట్టం, 1957 తీసి 17వ సెక్షన్ చూడండి. ఎవరైనా అడిగి, ప్రతిఫలం ఇచ్చి ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, ఆ ఫోటో కాపీరైట్‌కు మొదటి యజమాని తీయించుకున్నవాళ్లే. అంటే అడ్వాన్స్ ఇచ్చి మిమ్మల్ని బుక్ చేసుకున్న పెళ్లివాళ్లు. ఎక్కువ ఫోటోలకు తీసినవాడే యజమాని అని చట్టం చెప్తూనే, డబ్బిచ్చి తీయించుకున్నదాన్ని పక్కకు తీసి ఇలా రాసింది. స్టూడియోలు నడుపుతూ ఈ సంగతి తెలియని వాళ్లు ఇంతమంది ఉండటం చూస్తే నాకు చిరాకు వేస్తుంది. అందుకే సాగదీసి చెప్తున్నా.

డబ్బు ఎటు నుంచి ఎటు పోయిందో చూడండి. పెళ్లి, బారసాల, చీర కట్టించే ఫంక్షన్, గృహప్రవేశం: వాళ్లు మీకు ఇచ్చారు, ఫోటో వాళ్లది. స్కూలు వార్షికోత్సవానికి మేనేజ్‌మెంట్ పిలిచి డబ్బిచ్చింది, ఫోటో స్కూలుది. నాయకుడి ఊరేగింపును ఆయన మనుషులు డబ్బిచ్చి తీయించారు, ఫోటో తీయించినవాళ్లది. అదే ఊరేగింపును మీరు రోడ్డు పక్కన నిలబడి మీకోసం తీసుకుంటే మీది. చిన్నాన్న కూతురి పెళ్లికి కెమెరా పట్టుకుపోయి ఊరికే తీశారు, పైసా తీసుకోలేదు: కాపీరైట్ మీది, కానీ రెండో తాళం ఉంది, కంగారు పడకండి. జీతం మీద మీ స్టూడియోలో పనిచేసే పిల్లవాడు డ్యూటీలో తీసింది, వేరే ఒప్పందం లేకపోతే, అతనిది కాదు. ఆ పెళ్లి బుకింగ్ మీదైతే మీదీ కాదు. మీకే రాని హక్కు అతనికి ఎక్కడి నుంచి వస్తుంది? డబ్బులు తర్వాత ఇస్తామని ఎగ్గొట్టారు, ఇప్పుడు నాదేనా అని ఒకరు అడిగారు. ఇస్తామన్న ఒప్పందం మీదే కదా తీసింది. బాకీ వసూలు వేరు, కాపీరైట్ వేరు.

‘వేరే ఒప్పందం లేకపోతే’ అన్న ముక్కలోనే దారి ఉంది. బుకింగ్ రసీదు మీద ఒక లైను అచ్చు వేయించండి: ‘ఈ కార్యక్రమంలో తీసిన ఫోటోల కాపీరైట్ స్టూడియోదే, ఆల్బమ్‌ను, ఫైళ్లను ఇంటి అవసరాలకు వాడుకునే హక్కు కస్టమర్‌ది.’ దాని కిందే సంతకం తీసుకోండి. రసీదు వెనక చీమల అక్షరాల్లో వేస్తే గొడవైన రోజు ఎవరూ ఒప్పుకోరు. నోటిమాటను రుజువు చేయలేం. ఇప్పటికే తీసినవాటి హక్కులు రాయించుకోవాలంటే 19వ సెక్షన్ ప్రకారం అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకే అని, ఎక్కడికో రాయకపోతే ఇండియా వరకే అని లెక్క. మన ఫోటో కొనేది జర్మనీలోనో అమెరికాలోనో ఉన్న కంపెనీ కావచ్చు, కాబట్టి కాలం, ప్రపంచమంతటా అన్న మాట రెండూ కాగితం మీద ఉండాలి. నేనైతే పాత పెళ్లిళ్ల జోలికి పోను. ఏళ్ల తర్వాత ఆ ఇంటికి పోయి సంతకం అడిగితే, ఆ జంట కలిసి ఉన్నారో లేదో మనకేం తెలుసు?

రెండో తాళం మోడల్ రిలీజ్. రసీదు లైనుతో కాపీరైట్ మీకు వచ్చినా, పెళ్లికూతురి ముఖం మీది అవదు. ఫోటోలో గుర్తుపట్టగలిగే ప్రతి మనిషీ విడిగా సంతకం పెట్టాలి. పెళ్లికొడుకు, అయ్యగారు, వెనక కూల్‌డ్రింక్ తాగుతున్న మేనమామ, అందరూ. పిల్లలుంటే తల్లి గానీ తండ్రి గానీ పెట్టాలి. సాక్షి సంతకం, తేదీ ఉండాలి. ఫారం స్టాక్ ఏజెన్సీ ఇచ్చిన ఇంగ్లీషుదే వాడండి, కానీ సంతకానికి ముందు తెలుగులో చదివి చెప్పండి. మీ ముఖం రేపు పంటినొప్పి మందు ప్రకటనలో రావొచ్చు అని కూడా చెప్పండి. అది విని వద్దన్నారంటే వదిలేయండి. ఆప్‌లో వేలితో పెట్టించే సంతకాలు కూడా తీసుకుంటారు గానీ నాకు కాగితమే నచ్చుతుంది. కెమెరా బ్యాగులో ఖాళీ ఫారాలు, రెండు పెన్నులు ఎప్పుడూ ఉంటాయి.

ఎడిటోరియల్ టిక్ పెట్టినవాళ్లకు: ఆ టిక్ రెండో తాళానికే, అదీ వార్తకో చదువుకో పనికొచ్చే ఫోటోకే. మొదటి తాళాన్ని అది ముట్టుకోదు. మీది కాని ఫోటోను ఎడిటోరియల్ కింద పెట్టినా అది మీది కాదు. పైగా ఫంక్షన్ హాల్లో ఎవరింటి పెళ్లో జరిగితే పత్రిక వాళ్లకు దానితో ఏం పని?

ఎడిటోరియల్ అంటే పిల్లలమర్రి లాంటిది. మహబూబ్‌నగర్‌లో ఆ చెట్టుకు చెద పట్టి, 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించినప్పటి ఫోటో మీ దగ్గరుంటే, పాఠ్యపుస్తకాల వాళ్లకు, పర్యావరణ పత్రికలకు ఇప్పటికీ పనికొస్తుంది. కాప్షన్ వరస ఇది: ఊరు, దేశం, నెల, తేదీ, సంవత్సరం, ఆ తర్వాత ఏం జరుగుతోందో ఒక వాక్యం. సాగర్ గేట్లు ఎత్తిన ఫోటోకూ ఇదే వరస. 26 గేట్లలో ఎన్ని ఎత్తారో లెక్కబెట్టి రాయండి, ఉజ్జాయింపుగా రాయొద్దు. మిల్లులో బియ్యం బస్తాల ఫోటో పంపిన మిర్యాలగూడ ఆయన బస్తా మీది బ్రాండు పేరు అలాగే ఉంచారు. ప్రకటనలకు అది పోదు. సాదా వైపు తిప్పి తీయండి, హమాలీల సంతకాలు, మిల్లు యజమాని నుంచి ప్రాపర్టీ రిలీజ్ (తన స్థలం ఫోటో వాడుకోవచ్చన్న కాగితం) తీసుకోండి. నన్నడిగితే బత్తాయిలను మించింది లేదు. ముఖం లేదు, లోగో లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. కొన్నవాళ్లు జ్యూస్ దుకాణం మెనూకీ వాడతారు, ఆరోగ్యం వ్యాసానికీ వాడతారు. కీవర్డుల్లో మోసంబి, స్వీట్ లైమ్ రెండూ పెట్టండి. ఆరెంజ్ అని మాత్రం రాయకండి.

పెళ్లే అమ్మాలని ఉంటే పెళ్లిని మనమే చేద్దాం. తెలిసిన అమ్మాయిని, అబ్బాయిని రోజు కూలి ఇచ్చి పిలవండి. చీర, బాసికాలు అద్దెకు తెచ్చుకోండి. డబ్బు మీ జేబులోంచి పోయింది, అడిగి తీయించుకున్నవాళ్లు ఎవరూ లేరు, కాపీరైట్ మీది. ముఖాలు రెండే, సంతకాలు రెండే. పైగా పొద్దుటి వెలుగులో నింపాదిగా తీసుకోవచ్చు. పుస్తెలు కట్టే ఫోటోలు ఇప్పటికే కుప్పలుగా ఉన్నాయి. మన దిక్కు ఐరేని కుండలు, ఎదుర్కోళ్లు, మైలపోలు లాంటి పెళ్లి తంతులు తీసినవాళ్లు తక్కువ. కొనేవాళ్లకు ఆ పేర్లు తెలియవు కాబట్టి, ఆ పేర్లతో పాటు తెలుగు వెడ్డింగ్, రిచువల్ పాట్ లాంటివి కూడా కలపాలి. చీర పోచంపల్లిది అయితేనే పోచంపల్లి అని రాయండి. దానికి భౌగోళిక గుర్తింపు ఉంది. బజార్లో అచ్చు వేసిన ఇకత్ డిజైన్ చీరను ఆ పేరుతో ఎక్కిస్తే, కొన్న చేనేత సంస్థ మళ్లీ మీ ఫోటో ముట్టదు.

ఈ వారం అభ్యాసం కొంచెం కష్టం, కాబట్టి రెండు వారాలు తీసుకోండి. ఒకే మనిషి, ఒకే ఆచారం. ఖాళీ ఎడమ పక్క, కుడి పక్క, పైన వచ్చేలా మూడు అడ్డం ఫోటోలు, రెండు నిలువువి, చేతులు మాత్రమే కనబడేది ఒకటి. ఒక్కోదానికి ఇంగ్లీషులో కాప్షన్. ఒక్కోదాని కింద, కొనేవాళ్లు ఆ ఖాళీలో ఏ అక్షరాలు రాస్తారో ఊహించి తెలుగులో ఒక వాక్యం. ఫోటో తీయకముందే రిలీజ్ మీద సంతకం అయిపోవాలి. ఇవి కాక, మీ స్టూడియో రసీదును కొత్త లైనుతో మళ్లీ రాసి పంపండి, స్టూడియో లేనివాళ్లు ఇది వదిలేయొచ్చు. రిలీజ్ ఫారాలు మాత్రం నాకు పంపకండి. వాటి మీద వాళ్ల ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఉంటాయి. ‘తీసుకున్నాను’ అని రాస్తే నమ్ముతాను.