వెండి పావలాతో పెన్ను పట్టీ: ఎక్కడ చెడుతుంది, ఎలా బాగుచేయాలి

రోకలికి పొన్ను వేసినట్టే, చేత్తో చేసిన పెన్ను మూత అంచుకు లోహపు పట్టీ వేస్తారు. అందం సంగతి సరే, మూత అంచు పగలకుండా కాపాడేదీ అదే. ఇక్కడ ఆరో జార్జి బొమ్మ ఉన్న వెండి పావలాతో పట్టీ చేసే పద్ధతి తీసుకుంటున్నాను. పావలా వ్యాసం 19 మి.మీ. మధ్యలో 9 మి.మీ. రంధ్రం చేసి, మిగిలిన చక్రాన్ని కూచిగా ఉండే ఉక్కు కడ్డీ మీద కొద్దికొద్దిగా కొడుతూ నిలబెడితే, సుమారు 14 మి.మీ. వ్యాసం, 5 మి.మీ. వెడల్పు ఉన్న పట్టీ వస్తుంది. రాజుగారి తల రంధ్రంలో పోతుంది, చుట్టూ ఉన్న అక్షరాలు పట్టీ మీద నిలుస్తాయి.

ముందుగా ఒక మాట. ఇప్పుడు చెల్లే నాణేల జోలికి పోవద్దు. 2011 నాణేల చట్టం ప్రకారం వాటిని కరిగించినా, పాడుచేసినా నేరమే. పావలా, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లడం లేదు. వందేళ్లు దాటిన నాణెమైతే 1972 నాటి చట్టం కింద పురావస్తువు, దాన్ని అలాగే దాచుకోండి.

కొడుతుంటే రంధ్రం అంచు చీలిపోతోంది

ఎక్కువ నాణేలు పాడయ్యేది ఇక్కడే. 9 మి.మీ. రంధ్రం 14 మి.మీ. దాకా సాగాలి, అంటే సగానికి పైగా సాగుతుంది. డ్రిల్లు వదిలిన చిన్న గీత ఒక్కటి ఉన్నా చీలిక అక్కడే మొదలవుతుంది. అందుకే కొట్టకముందే గుండ్రటి ఆకురాయితో, తర్వాత ఎమరీ కాగితంతో రంధ్రం లోపలి అంచును నున్నగా చేయండి. గోరు పెట్టి చుట్టూ తిప్పితే ఎక్కడా తగలకూడదు. ఈ పనికి పట్టే సమయాన్ని చూసి విసుక్కోవద్దు.

రెండో కారణం, లోహం గట్టిపడటం. కొట్టేకొద్దీ వెండి బిగుసుకుపోతుంది. సుత్తి దెబ్బకు శబ్దం మారి ఖణేల్‌మంటే ఆపేయండి. నాణెం మీద మార్కర్ పెన్నుతో గీత గీసి, మంట తగిలించండి. గీత మాయమై, నీడలో చూస్తే లోహం మసక ఎరుపుగా కనిపిస్తే చాలు. ఎరుపు పోయాక నీళ్లలో వేయండి. ఇంకా కాలిస్తే కరిగి కూర్చుంటుంది. పట్టీ పూర్తయ్యేలోపు ఇలా చాలాసార్లు కాల్చాల్సి వస్తుంది. అప్పటికే చీలిందా? చీలిక అర మిల్లీమీటరు లోపు ఉంటే ఆ అంచును అరగదీసి పట్టీ సన్నం చేసుకోవచ్చు. అంతకు మించితే ఇంకో పావలా తీసుకోవాల్సిందే.

నున్నగా చేసి, కాల్చినా నాణెం లొంగడం లేదంటే అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది 1946-47 నికెల్ పావలా. పక్కన పెట్టేయండి.

కాల్చాక నల్లగా, కడిగాక గులాబీ రంగులో ఉంది

1942 నుంచి 1945 వరకు వచ్చిన పావలాల్లో వెండి సగమే, మిగతాలో ఎక్కువ భాగం రాగి. ఆ రాగి గాలి తగిలి నల్లబడుతుంది. నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన వేడి నీళ్లలో నానబెడితే నలుపు పోతుంది. అందులోంచి ఇనుప పటకారుతో తీస్తే మాత్రం రాగి వచ్చి పట్టీ మీద పూతలా పడుతుంది. వెదురు పుల్లో, ప్లాస్టిక్ పటకారో వాడండి. ఇప్పటికే గులాబీ రంగు పడితే సన్న ఎమరీతో రుద్దితే పోతుంది, అక్షరాల మీద గట్టిగా నొక్కకండి.

పట్టీ ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నం

రంధ్రం మధ్యలో పడలేదు. నాణెం ఒదిగేలా 19 మి.మీ. గుంట ఉన్న చెక్కను లేత్‌కు బిగించి, అందులో పెట్టి డ్రిల్ చేస్తే ఈ బాధ ఉండదు. కొద్ది తేడాకైతే అద్దం మీద ఎమరీ పరిచి అంచును రుద్దండి.

మెరిసే వెండి కొద్ది వారాల్లోనే నల్లబడింది

పాలిష్ తప్పనుకుని మళ్లీ మళ్లీ రుద్దుతుంటారు. తప్పు పెన్నులోనే ఉంది. రాజమహేంద్రవరం రత్నం పెన్నులు మనకు అలవాటు చేసిన ఎబొనైట్ అంటే గంధకం దండిగా కలిపి గట్టిపరిచిన రబ్బరు. గంధకం తగిలితే వెండి నల్లబడక తప్పదు. పట్టీ లోపలివైపు ఎపాక్సీ జిగురు పొర ఖాళీ లేకుండా పట్టించండి, పైన పల్చగా క్లియర్ లక్కర్ వేయండి. పెన్నును గాలాడని డబ్బాలో మూసిపెట్టకండి. అక్షరాల సందుల్లోని నలుపును మాత్రం నేనైతే తీయను, అదుంటేనే అక్షరాలు కనబడతాయి.

పట్టీ గిర్రున తిరుగుతోంది, లేదా మూత పగిలింది

రెండింటికీ మూలం కొలతే. చలికి ఎబొనైట్ వెండికన్నా ఎక్కువ ముడుచుకుంటుంది, వేడికి ఎక్కువ ఉబ్బుతుంది. బిగించి కొట్టి ఎక్కించిన పట్టీ ఎండాకాలం మూతను నొక్కేస్తుంది, చలికాలం వదులవుతుంది. వేలితో తోస్తే ఎక్కేంత సందు ఉంచండి. పట్టీ లోపలా, మూత మీదా గరుకు గీతలు పెట్టి, నెమ్మదిగా ఆరే ఎపాక్సీతో అతికించి, ఒక రోజు కదపకండి. వదులైన పట్టీని వేడిచేసి లాగబోతే ఎబొనైట్ మెత్తబడి మూత వంకరపోతుంది. సందులోకి పల్చటి ఎపాక్సీ సూదితో ఎక్కించి, పట్టీని రెండుసార్లు తిప్పి వదిలేయండి.