కోవిడ్ మరణాలను ఏటా వచ్చే ఫ్లూతో పోల్చాలంటే

"ఫ్లూతో ఏటా పోవడం లేదా, కోవిడ్ కూడా అంతే" అనే మాట వినపడినప్పుడు, ముందు ఆ రెండు అంకెలు ఎలా వచ్చాయో చూడండి. తప్పంతా అక్కడే జరుగుతుంది.

ఫ్లూకి చెప్పేది అంచనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం ఏటా 2.9 లక్షల నుంచి 6.5 లక్షల మంది. కోవిడ్ బులెటిన్లలో వచ్చింది మాత్రం నమోదైన మరణాలే: 2020, 2021 కలిపి సుమారు 54 లక్షలు. అంచనాకు అంచనానే పక్కన పెట్టాలి. ఆ రెండేళ్లలో అదనపు మరణాలు, అంటే మామూలుగా జరిగేవాటికి మించి జరిగినవి, 1.49 కోట్లని అదే సంస్థ లెక్క. అంటే ఏడాదికి దాదాపు 75 లక్షలు, ఫ్లూ గరిష్ఠ అంచనాకు పదకొండు రెట్ల పైనే. వేరే జబ్బులకు వైద్యం అందక పోయినవాళ్లూ ఇందులో ఉన్నారని పక్కనే రాసుకోండి.

మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల లెక్క తీయాలంటే రిజిస్టరులో రాసిన మరణ కారణాలను నమ్ముకోవద్దు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి నాలుగో వంతు కూడా లేవు. అన్ని కారణాల మరణాలూ నెలవారీగా కావాలి. పేర్లు అక్కర్లేదు, మొత్తాలు చాలు. సమాచార హక్కు దరఖాస్తులో అలాగే అడగండి. నమోదు తేదీ కాదు, చనిపోయిన తేదీ ప్రకారం ఇమ్మని రాయండి. ఆలస్యంగా నమోదైతే మే మరణం ఆగస్టులో కనపడుతుంది.

2015–2019 మే నెలల సగటు 400, 2021 మేలో 700 అనుకుందాం. అదనం 300. అయితే 2015 మేలో వడగాడ్పులకు ప్రకాశంలో చాలామంది పోయారు. ఆ ఏడాది కలిపితే సగటు పెరిగి, కోవిడ్ అదనం తగ్గి కనపడుతుంది. అది తీసేసి మరోసారి లెక్కేయండి, రెండు ఫలితాలూ చూపండి.

మరణం జరిగిన చోటే నమోదవుతుంది. కనిగిరి మనిషి నెల్లూరు ఆసుపత్రిలో పోతే నెల్లూరు లెక్కలోకి వెళ్తాడు. చెన్నైలో పోతే మన రెండు జిల్లాల్లోనూ ఉండడు. అందుకే ఒక్క ఊరి రిజిస్టరుతో తేల్చకూడదు.

జిల్లా హద్దులు కూడా 2022 ఏప్రిల్ 4న మారాయి. అప్పట్లో కందుకూరు నెల్లూరులో కలిసింది. చీరాల, అద్దంకి బాపట్లకు పోయాయి. గూడూరు తిరుపతికి వెళ్లింది. ఆ తేదీకి ముందూ తర్వాతా పోల్చేటప్పుడు జిల్లా మొత్తాలు కాకుండా మండలాల వారీ అంకెలు కూడుకోండి.